తుపాకుల జాబితా ఎవరి చేతిలో ఉంది?

ఎన్నికల షెడ్యూల్ వచ్చిందంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో లైసెన్స్ తుపాకుల డిపాజిట్ మొదలవుతుంది. ఎవరివి తీసుకోవాలో కలెక్టర్, ఎస్పీ ఉండే స్క్రీనింగ్ కమిటీ తేలుస్తుంది. ఆ పని జరగాలంటే స్టేషన్ల వారీగా జాబితా తీయాలి. పేరు, ఇంటి చిరునామా, డబుల్ బ్యారెలా రివాల్వరా, దాని నంబరు, అన్నీ ఒకే కాగితం మీదికి వస్తాయి. దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి అర నిమిషం చాలు. ఉదయగిరి మెట్టలో ఊరికి దూరంగా ఉన్న ఇంట్లో తుపాకీ, తూటాలు ఉన్నాయని దొంగకు తెలియడానికి ఇంకేం కావాలి?

అలాగని రికార్డే వద్దనడం సరికాదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లెక్క లేకపోతే మూడోది ఉందని ఎలా తెలుస్తుంది? సొంత తుపాకీ అమ్ముకోవాలన్నా కొనేవాడి పేరు, చిరునామాతో ముందే రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ప్రతి లైసెన్సుదారుకూ జాతీయ డేటాబేస్‌లో ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంది.

అమెరికా దారి వేరు. కేంద్రం తుపాకీ యజమానుల రిజిస్ట్రీ పెట్టకూడదని 1986లోనే అక్కడ చట్టం చేశారు. కొన్నవాడు నింపిన 4473 ఫారం దుకాణంలోనే ఉంటుంది. కొనేముందు జరిగే నేర చరిత్ర తనిఖీలో సరేనన్న వారి వివరాలను 24 గంటల్లో చెరిపేయాలి. కొనడం హక్కుగా ఉన్న దేశంలో ఆ పద్ధతి నడుస్తుంది, లైసెన్స్ ఇస్తే తప్ప ముట్టుకోకూడని మన దగ్గర నడవదు. అయితే అక్కడి ఇంకో అనుభవం మనకు పనికొస్తుంది. 2022 జూన్‌లో కాలిఫోర్నియా న్యాయశాఖ పెట్టిన వెబ్ పేజీ నుంచి తుపాకీ వెంట పెట్టుకుని తిరిగే పర్మిట్ కోసం దరఖాస్తు చేసిన దాదాపు 1,92,000 మంది వివరాలు బయటపడ్డాయి. బయటివాళ్లెవరూ చొరబడలేదు, సొంత శాఖ అజాగ్రత్తే.

మన దగ్గర జిల్లాల మార్పు కూడా చూడాలి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు నెల్లూరులోకి, చీరాల, పర్చూరు బాపట్లలోకి వెళ్లాయి. లైసెన్స్ ఇచ్చే అధికారి కలెక్టర్ కాబట్టి ఫైలూ కదలాలి. పాత ఆఫీసులో నకలు మిగిలిపోతే రెన్యువల్ ఒకచోట పడుతుంది, రెండోచోట పాత చిరునామానే ఉంటుంది. చనిపోయినవారి పేరుతో కానిస్టేబుల్ ఇంటికి వెళ్లేది ఇలాంటి జాబితా పట్టుకునే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలు ఉంచింది. అందుకే కలెక్టరేట్‌లోనే కట్టుదిట్టం చేసుకోవాలి. ఏ స్టేషన్‌కు ఆ స్టేషన్ పేర్లే ఇవ్వాలి. చిరునామాలున్న కాగితం స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ) బీరువా దాటకూడదు, డిపాజిట్ రిజిస్టర్‌లో గుర్తింపు సంఖ్య, ఆయుధం నంబరు చాలు. ఫలితాలొచ్చిన వారం తర్వాత తుపాకులు తిరిగిచ్చేటప్పుడే ఆ జాబితాను వెనక్కి తెప్పించి, తేదీ వేసి సంతకం చేసి చింపేయాలి. ఆన్‌లైన్‌లో ఎవరి పేరును ఏ ఉద్యోగి ఎప్పుడు తెరిచాడో మూడు నెలలకోసారి చూడాలి. లైసెన్సుదారు అడిగితే ఆ వివరం ఆయనకూ చూపించాలి.