సముద్రంలో నాట్లు

‘పిల్లలను వదిలి ఇద్దరమే వెళ్లాలంటే ధైర్యం కావాలి’ అని మా పై పోర్షన్‌లో అద్దెకుండే దంపతులు తమ పన్నెండో పెళ్లి రోజుకు వారం ముందు వాట్సాప్ స్టేటస్ పెట్టారు. ఆ వాక్యం కింద ఓడ బొమ్మ, దాని పక్కన రెండు గుండె బొమ్మలు, ఆ పక్కన కండలు తిరిగిన చేయి బొమ్మ ఉన్నాయి. నేను మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో సొంతిల్లు గలవాడిని, ముప్పై నాలుగేళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. ధైర్యం మీద పాఠాలు నేనూ చాలా చెప్పాను గానీ ఈ రకం ధైర్యం ఏ పుస్తకంలోనూ తగలలేదు. కనుక దీన్ని శ్రద్ధగా అధ్యయనం చేయాలని నిశ్చయించుకున్నాను.

ధైర్యం వివరాలు ఇవి. ముంబై రేవులో ఓడ ఎక్కి, అరేబియా సముద్రం మీద లక్షద్వీపాల దాకా పోయి, ఐదు రాత్రుల తర్వాత మళ్లీ ముంబైలోనే దిగుతారు. ఓడ మీద ఈతకొలను ఉంటుంది. చుట్టూ అంత నీరుండగా నడుమ మళ్లీ కొలను ఎందుకని నేను అడగలేదు. అడిగితే పిరికివాళ్ల జాబితాలో రాసుకుంటారు. టికెట్ ధర తలకు ఇంత అని చెబుతారు గానీ అది గదికి ఇద్దరున్న లెక్కన వేసిన ధర, ఒంటరిగా పోయేవాడు రాని రెండో మనిషికి కూడా ఎంతో కొంత కట్టుకోవాలి. రేవు సుంకం వేరు, సిబ్బంది బక్షీసు వేరు, ఇంటర్నెట్ వేరు. కిటికీ కూడా వేరే, ఎందుకంటే చవక గదులు ఓడ కడుపులో ఉంటాయి, సముద్రం మీద పోతూ సముద్రాన్ని చూడాలంటే పై ధర పెట్టాలి. అదే గదిలో మూడో మనిషిగా, నాలుగో మనిషిగా పోయే పిల్లలకు చాలా ఓడల్లో టికెట్ తక్కువకే వస్తుంది. కాబట్టి పిల్లలను వదలడం పైసల కోసం చేసిన పని కాదని, అచ్చమైన ధైర్యమేనని రుజువైంది. సోమశిల నుండి శ్రీశైలానికి కృష్ణ మీద లాంచీ పోతుంది కదా, నల్లమల కొండల నడుమ పొద్దంతా తిరిగి మరునాటికి పిల్లల దగ్గర ఉండవచ్చు కదా అని నేనొక మాట అని చూశాను. ‘లాంచీల పెళ్లి రోజేంది అంకుల్’ అని ఆమె నవ్వింది.

ఇక ధైర్యవంతులు వెళ్లాక ఇంట్లో మిగిలే పిరికివాళ్ల సంగతి. తొమ్మిదేళ్ల బాబును, ఆరేళ్ల పాపను చూసుకోవడానికి కోస్గి దగ్గరి ఊరి నుండి వాళ్ల నాయనమ్మ జొన్నపిండి మూటతో ఆర్టీసీ బస్సు దిగింది. ఆమె కోసం కోడలు ఏడు పేజీల సూచనలు కంప్యూటర్‌లో కొట్టి, లామినేషన్ చేయించి, ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్లింది. ఆ అవ్వకు అక్షరం రాదు. ఈ చిన్న లోపాన్ని పూరించే బాధ్యత ఇంటి ఓనరుగా, మాజీ పంతులుగా నా మీద పడింది.

రోజూ పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని మెట్లెక్కి పారాయణం మొదలుపెట్టేవాడిని. ‘ఆరున్నరకు పాలు గోరువెచ్చగా ఇవ్వాలి, కాగిన పాలు ఇవ్వరాదు’ అని మొదటి పేజీ పూర్తయ్యేసరికి పిల్లలు పాలు తాగి మూతులు తుడుచుకుని ఉండేవారు. ‘నెయ్యి ఒక టీస్పూనుకు మించరాదు’ అని రెండో పేజీ చదివితే, ఆమె గిన్నెలో మూడు వేళ్లు ముంచి రొట్టె మీద నెయ్యి రాస్తూ ‘టీసుపూను అంటే ఎంత సారూ’ అని అడిగింది. నాలుగో పేజీలో పిల్లలు ఏడిస్తే ఏం చేయాలో ఉంది. ముందు వాళ్ల భావాలను గుర్తించాలట, ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడాలట, అప్పటికీ ఆపకపోతేనే ఎత్తుకోవాలట. మోకాళ్ల మీద కూర్చోవడం ఆ అవ్వకు ఇప్పుడు సాధ్యమయ్యే పనేనా అని నేను ఆలోచిస్తుండగానే ఏడుస్తున్న పాప ఆమె భుజం మీద నిద్రపోయింది. నిబంధనను ఉల్లంఘించడం ఇష్టం లేక మిగిలిన భాగాన్ని నిద్రపోతున్న పాపకే వినిపించి కిందికి దిగాను. ఆరో పేజీలో ఒకే వాక్యం ఉంది: ‘పిల్లలకు పాత కష్టాల కథలు, బొంబాయి సంగతులు చెప్పరాదు.’ ఆ పేజీ చదవడానికి నాకు నోరు రాలేదు. దాటేసి ఏడో పేజీకి పోయాను.

రెండో రాత్రి ఓడ నుండి వీడియో కాల్ వచ్చింది. ‘అమ్మా, మేం ఇప్పుడు 18 నాట్ల మీద పోతున్నం’ అన్నాడు కొడుకు గర్వంగా. ‘సముద్రంల నాట్లేందిరా? మన మడిలనే ఈ యాసంగి నాట్లు పడలే, కూలోళ్లు దొరుకుతలేరు’ అంది తల్లి. నాట్ అంటే ఓడ వేగానికి కొలత అని, ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లని, ఆ లెక్కన అది గంటకు సుమారు 33 కిలోమీటర్లని నేను పక్క నుండి వివరించాను. ‘మా కోస్గి బస్సే నయం’ అని ఆమె తేల్చేసింది. అంతలో ఇంటర్నెట్ ఆగి కొడుకు ముఖం నోరు తెరిచింది తెరిచినట్టే నిలిచిపోయింది. పిల్లలు ఆ నోటికే గుడ్‌నైట్ చెప్పి వెళ్లిపోయారు. ఆమె మాత్రం ఫోను ఆరిపోయే దాకా ‘తిన్నవా బిడ్డా’ అని రెండుసార్లు అడిగింది.

మూడో రోజు ఏనుగు వచ్చింది. ఓడలో గది సర్దే పనివాళ్లు టవల్‌ను మడతపెట్టి ఏనుగులా, హంసలా చేసి మంచం మీద పెట్టి పోతారు; ఆ ఏనుగు ఫొటోను తల్లి ముచ్చటపడి పంపింది. తల్లిని చూసి ఏడవని పాప టవల్ ఏనుగును చూసి ఏడుపు అందుకుంది, అది ఇప్పుడే కావాలంది. నాయనమ్మ తీగ మీది తువ్వాలు తీసింది, ఒక కొస పాదంతో తొక్కిపట్టి రెండో కొసను రెండు చేతులతో మెలిపెట్టింది, గుండ్రంగా చుట్టి కొసను లోపలికి దోపింది. చుట్టబట్ట తయారైంది. దాన్ని పాప నెత్తిన పెట్టి, దాని మీద స్టీలు పళ్లెం, పళ్లెం మీద గ్లాసు పెట్టి నడవమంది. పాప రెండు చేతులూ వదిలేసి హాలంతా నడిచింది. ‘నానమ్మా, నువ్వు దీని మీద ఏం పెట్టుకునేదానివి’ అని అడిగింది. ఆరో పేజీ తెలియని నాయనమ్మ చెప్పింది.

ధైర్యానికి సాక్ష్యంగా మొదటి రోజే పెట్టిన స్టేటస్ ఇంకొకటి ఉంది: నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఇద్దరూ బొటనవేళ్లు చూపుతున్న ఫొటో, కింద ‘ప్రాణాలకు తెగించి’ అని వ్యాఖ్య. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే ఓడ బండను గుద్దుకుని 32 మంది చనిపోయారు. ఆ రోజు ఎక్కిన వందల మందికి ప్రమాదంలో ఎక్కడ నిలబడాలో అప్పటికింకా చూపించనే లేదు. అందుకని నిబంధన మార్చి, 2015 నుండి ఓడ కదలకముందే, లేకుంటే కదిలిన వెంటనే, ఆ అభ్యాసం చేయించి తీరాలన్నారు. వీళ్ల జాకెట్ల ఫొటో ఆ అభ్యాసంలోదే. మంచి నిబంధన. అదే ముంబైలో పదో అంతస్తు పరంజా మీద తట్ట మోసిన కోస్గి ఆడమనిషికి ఎవరు గంట కొట్టారు, ఎవరు జాకెట్ తొడిగారు, పడితే ఎక్కడ పట్టుకోవాలో ఎవరు చూపించారు?

ఇక వ్యంగ్యం నా వల్ల కాదు. పిల్లలను వదిలి ఇద్దరే వెళ్లడం ఈ జిల్లాకు కొత్తా? నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. ఆ కాలం నుండీ ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ లేని చోటు లేదు. కూలీలను పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేది జంటకే, ఒంటరి మనిషిని ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదని అవ్వ చెప్పింది. అక్కడా ధర ఇద్దరి లెక్కనే. ఈ స్టేటస్ పెట్టిన కొడుకును ఐదో ఏట ముసలి అత్త దగ్గర వదిలి ఆమె మొగుడితో బొంబాయి బస్సెక్కింది. ఐదు రాత్రులు కాదు, ఏడాదికి ఎనిమిది నెలలు, అలా పదకొండేళ్లు. ‘వాడు బస్సెంట ఉరికిండు సారూ. నేను ఎనకకు సూడలే, సూస్తే దిగుతుంటి’ అంది. అంత ధైర్యం ఎక్కడిదమ్మా అని నేను అడిగాను, సిగ్గులేకుండా, ఆ పాడు మాటే వాడి. ‘ధైర్యమేంది సారూ, బాకీ ఉండె’ అంది.

పొమ్మనండి, ఎవరు వద్దన్నారు? పన్నెండేళ్లు ఉద్యోగాలు, అద్దెలు, స్కూలు ఫీజులు మోసిన మొగుడూ పెళ్లాం ఐదు రోజులు చేతులూపుకుంటూ తిరిగితే కళ్లలో నిప్పులు పోసుకునే పాపిష్టివాడిని కాను. సరదా అని రాసుకోండి, షికారు అని రాసుకోండి. ఆ కండల చేయి బొమ్మ తీసేయండి, ఆ చేయి ఇక్కడ వంటింట్లో రొట్టెలు కొడుతోంది.

ఆరో రోజు రాత్రి వాళ్లు తిరిగొచ్చారు. పిల్లలకు టోపీలు, నాకు ఓడ బొమ్మ ఉన్న అయస్కాంతం తెచ్చారు. కొడుకు ఫోను తల్లి చేతికిచ్చి, ఓడ కదిలే వేళ తీసుకున్న ఫొటో చూపించాడు. ముందు దంపతులిద్దరూ, వెనుక వరుసగా ముంబై మేడలు. ఆమె ఫోనును దూరం పెట్టి, దగ్గర పెట్టి, చూసి చూసి వేలు ఆనించింది.

‘గిదో, గా పక్కదో, యాదికొస్తలేదు. గీ లైన్లనే ఒక దానికి సిమెంటు మోసినం, మీ నాయిన, నేను.’

‘అమ్మా, మా మొఖాలు కనవడతలేవు, ఏలు తియ్యి’ అన్నాడు కొడుకు.