ట్రాక్స్‌లర్ గారూ, మా పర్లాకిమిడి అరుగూ

మా పర్లాకిమిడిలో కిళ్ళీకొట్టు అతను బాకీ అడిగితే "ఇస్తాలే" అనడం చేతకానితనం. "వక్కలు ఈమధ్య పుచ్చువి వస్తున్నాయేటి?" అని ఎదురడగాలి. ఈ విద్యను చదరంగంలో 1890లోనే కారెల్ ట్రాక్స్‌లర్ ఆడి గెలిచాడని మొన్నే తెలిసింది. ఆయన చెక్ దేశీయుడు. చెక్ చెప్పడంలో వింతేముంది?

సంగతేమిటంటే, తెల్లగుర్రం జీ5 గడి మీదకు దూకుతుంది. సీ4లోని బిషప్‌తో కలిసి ఎఫ్7లోని నల్లబంటు మీద కన్నేస్తుంది. పాపం, ఆ బంటుకు రాజు తప్ప దిక్కులేదు. బుద్ధిమంతులు డీ5కి బంటును తోసి బిషప్ దారి మూస్తారు. నల్లపావులతో ఆడే ట్రాక్స్‌లర్ భక్తుడు అటు చూడనైనా చూడడు. తన బిషప్‌ను సీ5లో పెట్టి మీసం దువ్వుతాడు. గుర్రం ఎఫ్7 బంటును తిని, మంత్రికీ ఏనుగుకీ ఒకేసారి ఎసరు పెడుతుంది. పెట్టనీ! నల్లబిషప్ ఎఫ్2 బంటును తిని చెక్. తెల్లరాజు దాన్ని తింటే, నల్లగుర్రం ఈ4 బంటును తిని మళ్ళీ చెక్. మన ఇల్లు కాలుతుంటే పక్కింటి గోడ దూకి వాళ్ళ కుండలు పగలగొట్టడమన్నమాట.

1936లో మా ఊరు ఒడిశాకు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉండిపోయింది. అప్పట్నుంచీ ఒడియాలో ఎవరేమడిగినా తెలుగులో తిరిగి ప్రశ్నించే మాకు ఈ ఎత్తు పుట్టుకతోనే వచ్చు. పండితుల మీద వాడుకభాష కోసం యుద్ధం చేసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఇక్కడే. కాకపోతే ఆయన పాత గ్రంథాల్లోంచి సాక్ష్యాలు మూటగట్టుకుని మరీ దిగారు. మా మావయ్యకు ఆ మూట బరువనిపించింది. ట్రాక్స్‌లర్ ఎదురుదాడిలో ఆరో ఎత్తు దాకా నేర్చుకుని, "మిగతాది ధైర్యం" అన్నాడు.

నిన్న సాయంత్రం అరుగు మీద ఎదురింటి తొమ్మిదో క్లాసు కుర్రాడితో ఆట. మావయ్య బిషప్‌ను సీ5లో టప్పున కొట్టాడు. కుర్రాడు గుర్రాన్ని ముట్టుకోలేదు. ఎఫ్7ని బిషప్‌తో తిని చెక్ చెప్పాడు. రాజు ఈ7కి జరిగాడు. కుర్రాడు బిషప్‌ను బీ3కి లాక్కుని బిస్కెట్టు కొరికాడు. బంటు పోయింది, రాజును కోటలో దాచే వీలూ పోయింది. తగలబెట్టడానికి ఎదుట ఏ ఇల్లూ లేదు.

మావయ్య కళ్ళజోడు తుడుచుకుని గంభీరంగా అడిగాడు: "ఒరేయ్, మీ నాన్న పట్టుకెళ్ళిన నిచ్చెన ఎప్పుడిస్తాడ్రా?"

"మీ ఎత్తే తాతయ్యా."