సవరణ: ఉపగ్రహ ప్రసారాల నాటి ఒక రోజు కార్యక్రమాల గురించి

1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ప్రయోగాత్మకంగా మన పల్లెలకు ఉపగ్రహం ద్వారా అందిన టీవీ ప్రసారాల గురించి రాసినప్పుడు, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం రోజూ నాలుగు గంటలు తెలుగు కార్యక్రమాలు ప్రసారం చేసిందని పేర్కొన్నాను. ఇందులో రెండు తప్పులున్నాయి, పాఠకులు మన్నించాలి.

ఆ నాలుగు గంటలు తెలుగు, కన్నడ, ఒడియా, హిందీ భాషలకు కలిపి కేటాయించినవి. ఉదయం గంటన్నర బడి పిల్లలకు దక్కేది. అంటే ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలే! సాయంత్రపు రెండున్నర గంటల్లో వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, వినోదం వంటివన్నీ భాషలవారీగా సర్దాల్సి వచ్చేది. అందులోనే అరగంట అందరికీ ఉమ్మడిగా హిందీ కార్యక్రమం ఉండేది. తెలుగు పల్లెకు తన భాషలో దక్కిన సమయం ఎంత స్వల్పమో నా లెక్క వల్ల పూర్తిగా మరుగున పడింది. నన్ను ఎక్కువగా బాధించినది ఈ తప్పే.

రెండవది, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైనది 1977 అక్టోబరు 23న, అంటే ఈ ప్రయోగం ముగిసిన ఏడాది తరువాత. హైదరాబాద్‌లో అప్పటికి ఉన్నది కార్యక్రమాల నిర్మాణ కేంద్రం మాత్రమే. అక్కడ తయారైన తెలుగు కార్యక్రమాలు ఉపగ్రహానికి సంకేతాలు పంపే భూకేంద్రం నుంచి అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహానికి చేరి, కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప వలతో చేసిన, సుమారు మూడు మీటర్ల వెడల్పున్న యాంటెన్నాల మీదుగా నేరుగా ఊరి ఉమ్మడి టీవీకి అందేవి.