సవరణ: ఆప్టోమెట్రీ సంఘం అధ్యక్షుడికి అంత అధికారం లేదు

ఆప్టోమెట్రిస్టుల (చూపు పరీక్షించి కళ్లజోళ్లు రాసిచ్చేవాళ్లు) సంఘాల గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద పొరపాటే చేశాను. అధ్యక్షుడు తలుచుకుంటే ఎవరి వృత్తి రిజిస్ట్రేషన్‌నైనా రద్దు చేయొచ్చని రాశాను. అది తప్పు.

విజయవాడ బీసెంట్ రోడ్డులో కళ్లజోళ్ల షాపు నడిపే మా బావ అది చదివి టెన్షన్‌తో ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఒక పెద్దావిడ ముక్కు మీద ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడుగుతున్నాడు. ఆవిడ వెళ్లాక గోడకున్న సంఘం సర్టిఫికెట్ చూపించి, "ఇది పోతే షాపు మూసుకోవాలా?" అన్నాడు.

అక్కర్లేదు బావా. సంఘం అంటే సొసైటీ. మన రాష్ట్రంలో అలాంటివి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. సభ్యులే కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు, సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడుగుతారు (అడగాలి మరి, కాఫీ తాగి వచ్చేయకుండా!). బైలా (సంఘం నియమావళి) ప్రకారం సభ్యత్వం తీసేయగలరు, అంతే.

వృత్తి రిజిస్ట్రేషన్ సంగతి వేరు. పార్లమెంటు 2021లో చేసిన జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం ఆ పనిని రాష్ట్ర కౌన్సిళ్లకు అప్పగించింది. ఆప్టోమెట్రిస్టులూ దాని పరిధిలోకి వస్తారు. కౌన్సిల్ కూడా ఎవరి పేరైనా కొట్టేసే ముందు వాళ్ల వాదన వినాలి.

ఇంకొకటి. ఆప్టోమెట్రిస్టును "కంటి డాక్టర్" అన్నాను. ఎంబీబీఎస్ చదివి, ఆపరేషన్లు చేసే కంటి వైద్యులు వేరు. ఆ మాటా తీసేశాను.