తిట్టు సామీ, తిట్టు!

గత శుక్రవారం బెంగళూరులో ఒక సింఫానిక్ మెటల్ కచేరీకి, అంటే ఆర్కెస్ట్రా హంగులు కలిపిన హెవీ మెటల్ కచేరీకి, వెళ్ళాను. టికెట్ 1,800 రూపాయలు. ముఖానికి తెల్లని పూత, కళ్ళ చుట్టూ నల్లని గుంటలతో శవంలా రంగు వేసుకుని వచ్చినవారికి అందులో సగం తిరిగి ఇస్తామని నిర్వాహకులు ప్రకటించారు. అక్కడికి వచ్చాక పూసుకుంటే చెల్లదట, గేటు దగ్గరికే పూసుకుని రావాలట, సాయంత్రం ఏడున్నర దాటితే అదీ చెల్లదట. ఈ షరతులు రాసిన మహానుభావుడు తిరుపతి నుంచి బెంగళూరుకు ఎన్నడూ బస్సులో వెళ్ళి ఉండడు. అయినా తొమ్మిది వందల రూపాయలు వదులుకునేంత దొడ్డ మనసు నాకు లేదు కనుక ఇంట్లోనే పూసుకుని బయలుదేరాలని నిశ్చయించుకున్నాను.

నిజానికి ఈ శవరంగు సింఫానిక్ మెటల్ సొత్తు కానే కాదు, మెటల్‌లోనే మరో శాఖ అయిన బ్లాక్ మెటల్ వాళ్ళ ఆచారం. ఫిన్లాండ్‌లోని కిటే అనే చిన్న ఊళ్ళో 1996లో మొదలైన నైట్‌విష్ బృందం గానీ, నెదర్లాండ్స్‌కు చెందిన ఎపికా బృందం గానీ ఇలా ముఖానికి సున్నం కొట్టుకుని వేదిక ఎక్కరు. అటు ఆర్కెస్ట్రా, ఇటు ముఖాన రంగు రెండూ కావాలంటే నార్వే దేశపు డిమ్ము బోర్గిర్ వంటి వారి దగ్గరికి పోవాలి. వాళ్ళు 2003లో ప్రాగ్ నగరపు ఆర్కెస్ట్రాను పెట్టుకుని మరీ ఆల్బమ్ చేశారు. ఇంత తెలిసిన నేను నిర్వాహకుల అజ్ఞానాన్ని మనసులోనే ఖండించి, అద్దం ముందు కూర్చున్నాను.

తెల్లరంగు కోసం ఎక్కడికీ పోనక్కరలేకపోయింది. తిరుపతిలో నామం సుద్దకు కరువేమిటి? నలుపు కోసం పొయ్యి బొగ్గు నూరి కొబ్బరినూనెలో కలిపాను. నల్ల టీషర్టు వేసుకుని, చేతికి మేకుల పట్టీ కట్టుకుని హాల్లోకి వచ్చేసరికి మా అవ్వ నన్ను ఎగాదిగా చూసి, చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందిరా నాయనా. మీ తాత కూడా తోటి వేషమే వేస్తా ఉండె."

అప్పుడు గుర్తుకు వచ్చింది, ఊళ్ళో గంగమ్మ జాతర జరుగుతోందని. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం ఒళ్ళంతా బొగ్గు పూసుకునే తోటి వేషం. దుర్మార్గుడైన పాలెగాడిని చంపడానికి వెతుక్కుంటూ అమ్మవారు వేసిన వేషాలనే జనం ఇప్పటికీ వరుసగా వేస్తారు. నేను పుట్టి పెరిగింది తిరుపతిలోని కొర్లగుంటలోనే. నలభై రెండేళ్ళ వయసు. డిమ్ము బోర్గిర్ ఆల్బమ్ ఏ సంవత్సరం వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను గానీ, సొంత ఊరి జాతరలో ఆవేళ ఏ వేషమో మరిచిపోయాను. నేను పోతున్నది బెంగళూరుకని తెలిశాక అవ్వ మొహం మాడిపోయింది. చాటింపు అయినాక పొలిమేర దాటకూడదని ఆవిడ వాదం. బస్సు పన్నెండు గంటలకని నా వాదం.

వీధి చివర ఆటో దొరకలేదు. జాతర రద్దీకి దారులు మూసేశారని ఆటో అతను చెప్పాడు. ఏ దారి తెరిచి ఉందో చెప్పే బోర్డు ఒక్కటీ ఎక్కడా లేదు. సందులో నుంచి అడ్డంగా నడిచి పోదామనుకున్నాను. ఆ సందు మలుపులోనే ఒక ముసలామె నా కాళ్ళ మీద పడింది.

ఆమె వెంట ఆరేడేళ్ళ మనవడు ఉన్నాడు. వాడి చేతిలో సగం చీకిన పుల్ల ఐస్ ఉంది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడట, అన్నం సరిగా తినడం లేదట.

"వీణ్ణి తిట్టు సామీ," అంది ఆమె.

ఈ మాట బయటి ఊళ్ళవారికి అర్థం కాకపోవచ్చు. జాతరలో వేషం వేసినవారు బూతులు తిడతారు. అది తప్పు కాదు, మొక్కు. తిట్టించుకున్నవారికి కీడు తొలగుతుందని నమ్మకం. అయితే నేను బ్యాంకులో కౌంటర్ వెనుక కూర్చునే మనిషిని. పద్దెనిమిదేళ్ళుగా నా నోటి నుంచి వెలువడిన అత్యంత కఠినమైన వాక్యం "సర్వర్ డౌన్‌లో ఉందండీ, మధ్యాహ్నం రండి" అన్నదే. ఆరేళ్ళ పిల్లవాడిని ఏమని తిట్టాలి? నాకు బూతులు రావని కాదు. నడివీధిలో, పట్టపగలు, ఐస్ కారుతున్న చేత్తో వాడు నా వైపు నమ్మకంగా చూస్తూ ఉంటే రాలేదు. "వెధవా" అన్నాను. ముసలామె నిరాశపడింది. "అదేం తిట్టు సామీ, మా ఇంట్లో వాళ్ళ నాయన రోజూ అంటాడు," అంది. ఈలోగా నలుగురు పోగయ్యారు. ఇద్దరు డప్పులవాళ్ళు కూడా ఆగారు. అందులో ఒకడు, వేషం కొత్తది కాబోలు, సామికి సిగ్గుగా ఉందని నా తరఫున వాదించాడు. ఆ వాదనే నాకు అన్నిటికన్నా అవమానంగా తోచింది.

ఇక్కడ నా రహస్య సాధన గురించి కొంత చెప్పాలి. సింఫానిక్ మెటల్‌లో తరచుగా రెండు గొంతులు ఉంటాయి. ఎపికాలో సిమోన్ సిమన్స్ ఒపేరా ఫక్కీలో పాడుతూ ఉంటే, గిటార్ వాయించే మార్క్ యాన్సెన్ మధ్య మధ్య పులిలా గుర్రుమంటాడు. ఆ గుర్రుమనడానికి గ్రౌల్ అని పేరు. అది గొంతు చించుకుని అరవడం కాదు. అలా అరిస్తే వారం రోజులు మాట పడిపోతుంది. ఊపిరిని పొట్టలో నుంచి నిదానంగా తోస్తూ, స్వరతంత్రులకు పైన ఉండే మరో జత మడతలను కంపింపజేయాలి. ఇది నేను రెండేళ్ళుగా స్నానాల గదిలో సాధన చేస్తున్నాను. మా ఆవిడ దీనిని సంగీతంగా ఒప్పుకోదు. కిందింటివారు ఒకసారి నీళ్ళ మోటారు బాగు చేసే మనిషిని పిలిపించారు.

ఆ మనవడి ముందు, వేరే దారి లేక, అదే చేశాను. ఒక దీర్ఘమైన గ్రౌల్. అందులో మాటలు లేవు, కాబట్టి తప్పు లేదు. పిల్లవాడి చేతిలోని ఐస్ పుల్లతో సహా కింద పడింది. ఒక్క క్షణం సందంతా నిశ్శబ్దం. ఆ తరువాత డప్పు మోగింది. ఆ డప్పు మోగిన తీరును నేను మరిచిపోలేను. రెండు కాళ్ళతో రెండు పెడళ్ళు తొక్కి మెటల్ డ్రమ్మర్లు తెచ్చే వేగాన్ని ఆ మనిషి రెండు పుల్లలతో తెచ్చాడు, నోట్లో బీడీ తీయకుండా. నేను ఊపిరి ఎక్కడ తీసుకుంటానో మొదటిసారికే పసిగట్టి, సరిగ్గా అక్కడ ముక్తాయింపు వేశాడు. జీవితంలో నాకు దొరికిన ఏకైక వాద్య సహకారం అదే కనుక, నిజం ఒప్పుకోవాలి, రెండో గ్రౌల్ ఎవరూ అడగకుండానే ఇచ్చాను.

ఆపై నా చేతిలో ఏమీ లేకపోయింది. మూడో ఇంటి ముందు ఒక కోడలు తన అత్తగారిని ముందుకు తోసి, ఈమెను రెండుసార్లు తిట్టమంది. ఒకాయన కొత్త బైకు తెచ్చి నిలబెట్టాడు. ఎవరో నా చేతిలో వేపమండ పెట్టారు, ఎవరో మెడలో నిమ్మకాయల దండ వేశారు. ముసలామె నా నుదుటి మీద అరచేతి వెడల్పున కుంకుమ అద్ది, మనవడి చేత పది రూపాయల నోటు ఇప్పించింది. వద్దన్నాను. వద్దంటే కీడు అన్నారు.

బస్టాండు చేరేసరికి పన్నెండు గంటల బస్సు పోయింది. తరువాతి బస్సులో ఎక్కాను. కండక్టర్ నాకు కిటికీ పక్క సీటు ఇప్పించి, తనను కూడా మెల్లగా ఒకసారి తిట్టమన్నాడు.

కచేరీ హాలు గేటు దగ్గరికి ఏడూ ఇరవైకి చేరాను. గడువుకు ఇంకా పది నిమిషాలు ఉంది. అక్కడ నల్లచొక్కా కుర్రవాడొకడు ఫోన్‌లో ఒక నమూనా బొమ్మనూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, శవరంగులో నలుపు తెలుపు తప్ప మరో రంగు ఉండకూడదని, నా నుదుట ఎరుపు ఉంది కనుక తగ్గింపు వర్తించదని చెప్పాడు. శవరంగు చరిత్ర నాకు చెప్పవద్దని, అసలు ఈ కచేరీకి శవరంగే తప్పని చెప్పబోయాను. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. స్వరతంత్రులకు పైన ఉండే మడతలు సందులోనే అయిపోయాయి.

కచేరీ బాగానే జరిగింది. గాయని గొంతు నిజంగా గొప్పది. సింఫనీ మాత్రం మొత్తం ఒక లాప్‌టాప్‌లో నుంచి వచ్చింది. గ్రౌల్ చేసినవాడు నా లెక్కలో సామాన్యుడు.

నిమ్మకాయల దండను లోపలికి రానివ్వలేదు. బయటి తినుబండారాలు నిషేధమట. పదకొండు కాయలు, లెక్కపెట్టి మరీ బుట్టలో వేయించుకున్నారు. లోపల నిమ్మసోడా 240 రూపాయలు.