జపాన్ వెళ్లొచ్చిన తువ్వాలు

మా బావగారు జపాన్ వెళ్లొచ్చారు. మొత్తం తొమ్మిది రోజులు. రెండు రోజులు విమానాలకే పోయాయి, ఒకరోజు కడుపునొప్పితో హోటల్లో పడుకున్నారు. మిగిలిన ఆరు రోజుల్లో నాగరికత అంతా ఆయనకు అర్థమైపోయింది. రేణిగుంటలో దిగింది మొదలు దాన్ని మాకు నేర్పే పనిలో ఉన్నారు.

పోయిన ఆదివారం కొండకు బయల్దేరాం. తిరుపతి బస్టాండులో సప్తగిరి బస్సు కోసం నిలబడి బుల్లెట్ రైలు గురించి చెప్పారు. 1964లోనే మొదలుపెట్టారట, ప్లాట్‌ఫామ్ మీద గీతలుంటాయట, జనం వాటి వెనక వరసగా నిలబడి దిగేవాళ్లు దిగాకే ఎక్కుతారట. "మనోళ్లకు ఈ బుద్ధి ఎప్పుడొస్తుందబ్బా" అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు పూర్తికాకముందే బస్సొచ్చింది. అది ఆగిందో లేదో గానీ ఆయన భుజం మీది తువ్వాలు మాత్రం అప్పటికే మూడో కిటికీలోంచి లోపలికి పోయింది. దాని వెనకే మా అక్క చేతిసంచి, నా రాగి సీసా, ఆఖరికి పక్కనున్న ఎవరి పిల్లాడిదో టోపీ కూడా లాక్కుని వేశారు. దిగాల్సిన ముసలావిడ మెట్టు మీదే నిలబడి, ఈయన మోచెయ్యి ఎప్పుడు తొలుగుతుందా అని చూస్తోంది.

కూర్చున్నాక "ప్లానింగ్ అంటే ఇదీ" అన్నారు.

ఘాట్ రోడ్డు పొడవునా శెనక్కాయలు ఒలుచుకుంటూ జపానే. అక్కడి వీధుల్లో చెత్తబుట్టలు పెద్దగా కనబడవట, ఎవరి చెత్త వాళ్లే ఇంటికి పట్టుకెళ్తారట. బళ్లో పిల్లలే తరగతి గదులు ఊడ్చుకుంటారట. నిజమే, ఊడుస్తారు.

మరి రెండేళ్ల కిందట మా మేనల్లుడి చేత టీచరమ్మ నాలుగు కాగితాలు ఏరించిందని బండేసుకుని బడి మీదికి పోయిందెవరు? "ఫీజు కట్టేది మావాడి చేత పాకీపని చేయించడానికా" అని అరిచాడు. అవును, అరిచాడు, ఇంక గారూ లేదు గీరూ లేదు. చీపురు పట్టుకుని ఆయమ్మ పక్కనే నిలబడి ఉంటే ఆమెకు వినబడేలా అరిచాడు. జపాన్ పిల్లాడు ఊడిస్తే సంస్కారం, నీ కొడుకు ఊడిస్తే కులం పోతుందా? అక్కడి నేల అద్దంలా ఉందని వందల ఫోటోలు తీశావే, పొద్దున్నే మీ వీధి ఊడ్చే మనిషి పేరు ఒక్కసారైనా అడిగావా?

తిరుమలలో బస్సు దిగుతూ డ్రైవరుకు జపాన్ పద్ధతిలో నడుం వంచి నమస్కారం పెట్టారు. వెనక జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నాలుగడుగులు వేశాక తువ్వాలు గుర్తొచ్చి నన్ను పంపారు. సీటు కింద శెనక్కాయల పొట్టు గుట్టగా పడి ఉంది. బస్సు ఊడ్చే మనిషి ఆ పొట్టు వైపు, నా చేతిలోని తువ్వాలు వైపు మార్చి మార్చి చూసింది.