గోడ అవతలి కాలనీకి రెండు యూటర్న్‌లు

హైదరాబాద్ ట్రాఫిక్ మీద చర్చ ఎక్కడ మొదలైనా ఫ్లైఓవర్ల దగ్గరే తేలుతుంది. ఊరి అంచున పాస్ చేస్తున్న వెంచర్ ప్లాన్ల ఊసు ఎవరూ ఎత్తరు. అసలు ముడి పడుతోంది అక్కడే.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక వీధికి అడ్డంగా పెళ్లి టెంటు వేసినా బండి ఆగదు, పక్క వీధిలోంచి పోతుంది. వీధులు ఒకదాన్నొకటి కలుస్తాయి కాబట్టి. నార్సింగి, తెల్లాపూర్, బాచుపల్లి వైపు పొలాలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. పదెకరాలు ఒకరివి, పక్కన ఆరెకరాలు ఇంకొకరివి. ఎవరి లేఅవుట్ వారిదే, ఎవరి గేటు వారిదే. లోపలి 30 అడుగుల రోడ్డు సరిహద్దు దాకా వచ్చి కాంపౌండ్ వాల్ దగ్గర ఆగుతుంది. అవతలి వెంచర్ రోడ్డూ అదే గోడకు అటువైపు ఆగుతుంది. బాల్కనీలోంచి మెడికల్ షాపు బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. వెళ్లాలంటే మాత్రం మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ కొట్టి, ముందుకెళ్లి మళ్లీ యూటర్న్ కొట్టాలి. జ్వరం మాత్రలకు వెళ్లే స్కూటీ, ఆఫీసు బస్సు, ఇసుక లారీ అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే. దాన్ని ఎంత వెడల్పు చేస్తే సరిపోతుంది?

ఇది మన ఒక్కరి జబ్బేం కాదు. అమెరికాలో వీధులు ఒకదాన్నొకటి కలవకుండా పోవడం 1990ల మధ్యలో ముదిరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టిందని బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు 2015లో తేల్చారు. ప్రపంచం మొత్తమ్మీద మాత్రం 1975 నుంచి అది పెరుగుతూనే ఉందని 2020లో చూపించారు. ఇల్లు కూల్చి మళ్లీ కట్టుకుంటాం. వీధి గీత ఒకసారి పడితే తరాలు మారినా మారదు.

గేటు తీస్తే దొంగలు, అడ్డదారి బైకులు వస్తాయన్నది నివాసుల భయం. కొట్టిపారేయలేం. కానీ కార్లు పట్టనంత సందు వదిలితే నడిచేవాళ్లకు, సైకిల్ మీద బడికెళ్లే పిల్లలకు చాలు. దానికీ ఒప్పుకోకపోతే అది భద్రత గురించిన టెన్షన్ కాదు, ప్లాటు రేటు గురించిన టెన్షన్.

ఇళ్లన్నీ లేచాక లింకు రోడ్డు వేయాలంటే భూసేకరణ, పరిహారం, కోర్టు స్టేలు. ప్లాన్ పాస్ చేసే రోజైతే అదే పని ఒక్క షరతుతో అయిపోతుంది. లేఅవుట్ పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లను తనఖా పెట్టించుకునే పద్ధతి ఎలాగూ ఉంది. సరిహద్దు రోడ్డు పక్క వెంచర్‌కు తెరిచి ఉందో లేదో చూశాకే ఆ ప్లాట్లను విడుదల చేయాలి.